నాలుగో చోటు ఖాళీ లేదు

మార్చి 4, బుధవారం

మళ్ళీ తెగింది. సముద్రం అడుగున మా కేబుల్. ఏదో ఓడ లంగరు ఈడ్చుకుంటూ పోయిందట. ఏ ఓడో ఎవరికీ తెలియదట. బాగుచేసే ఓడ ఏప్రిల్ చివరికి గాని రాదట. పొద్దున్నుంచి బైషా రేవులో టికెట్ కిటికీ వెనక కూర్చుని ఇవే మాటలు వింటున్నాను. మాత్సు దీవులన్నిటికీ కలిపి ఇక మిగిలింది గాలిలోంచి తరంగాల మీద వచ్చే సన్నటి లైను ఒక్కటే. ఉత్త సందేశం వెళ్ళడానికే పావుగంట పడుతోంది.

తైపే నుంచి వచ్చిన ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చి, "ఫోన్లో ఏమీ కనపడట్లేదు, ఇక్కడ ఏం చెయ్యాలి మరి?" అని అడిగింది. పక్క కిటికీలో చిన్-హువా అక్క టికెట్లు చింపుతూ, "సముద్రం ఉంది కదమ్మా, అది కనపడుతోందిగా, చూడు" అంది.

29న ప్రదర్శన పోటీ ఉంది. నాకేం కంగారు లేదు. రాసుకుంటున్నాను కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

మార్చి 5

సాయంత్రం ఎగిరి చూశాను. యెన్ అన్న విమానం తెరమీద ఇక్కడ కనిపిస్తుంది, మరుక్షణం అక్కడికి గెంతుతుంది. మూడుసార్లు వెళ్ళి అతని తోకలోకి దూరాను. మూడుసార్లూ పేలిపోయాం.

అది కంప్యూటర్లో ఆడే యుద్ధ విమానాల ఆట. వేలమంది అందులో ఒకర్నొకరు కాల్చుకుంటూ ఉంటారు. కాల్చడం ఎవరికైనా వస్తుంది. మేం నలుగురం తుపాకులు, బాంబులు దింపేసి, రెక్కకి రెక్క ఆనించి ఎగురుతాం. ముందు యెన్ అన్న, ఎడమ పక్క పాన్, కుడి పక్క యీ-రోంగ్, వాళ్ళ మధ్యన వెనకగా, కొంచెం కింద నేను. నాలుగో చోటు. ఆరేళ్ళుగా అది నాది. నేను లేకపోతే అది వజ్రం కాదు, ఉత్త బాణం మొన.

మార్చి 7

యెన్ అన్న సందేశం నలభై నిమిషాలు ప్రయాణం చేసి వచ్చింది.

"అమ్మాయ్, నువ్వేం శ్రమపడకు. లైను సంగతి అందరికీ తెలుసు. మేం ముగ్గురం ఎగురుతాం. నీ చోటు అలాగే ఖాళీగా ఉంచుతాం, ఎవరికీ ఇవ్వం. ప్రదర్శన పెట్టేవాళ్ళు 'మాత్సు సోదరికి గౌరవంగా' అని కింద అక్షరాలు వేస్తామన్నారు."

రెండుసార్లు చదివాను. బతికే ఉన్నాను నేను. పాతసారా పోసిన సన్న నూడుల్స్ తింటున్నాను, మీద గుడ్డు కూడా ఉంది. చోటు ఖాళీగా వదిలి ఎగిరేది చచ్చిపోయిన పైలట్ కోసం. ఇక అగరొత్తులు కూడా వెలిగించేస్తే సరిపోతుంది కదా.

ఏ అంగడిలో ఏ వస్తువు కొనబోయినా చివర్లో ఒక వాక్యం ఉంటుంది: బయటి దీవులకు పంపబడదు. అలవాటైపోయింది. ఆ వాక్యాన్ని యెన్ అన్న ఇంత ప్రేమగా రాస్తాడని మాత్రం అనుకోలేదు.

జవాబు: "ఎగురుతాను." ఒక్క మాటే కాబట్టి ఆరు నిమిషాల్లో వెళ్ళింది.

మార్చి 9

చిన్-హువా అక్కకి చెప్పాను. అంతా విని, "అయితే నీ నాటకాల విమానం ఎగరట్లేదు, అంతేనా బాధ?" అంది.

"ఎగరకపోవడం కాదు. జాలి పడుతున్నారు."

"పడనీ. ఖర్చేముంది?"

"నువ్వు పొగమంచులో పడవ ఆగినప్పుడు పెద్దపట్నంవాళ్ళు 'పాపం మీకు అలవాటే కదా' అంటే ఏమంటావు?"

అక్క టికెట్ల కట్ట సర్దుకుంది. "కిటికీ మూసేస్తాను" అంది.

పన్నెండున్నరకి మామూలుగానే దీపాలు ఆర్పి బల్లమీద తల వాల్చింది. నేనూ వాల్చాను. అంతలో నా ఫోను టింగుమంది. యీ-రోంగ్ బొమ్మ పంపింది. పెద్ద బొమ్మ, క్షణంలో విచ్చుకుంది. తల ఎత్తి చూశాను. పంచాయతీ ఆఫీసులో దీపాల్లేవు. బడిలో చప్పుడు లేదు. కొండమీది సైనికుల బ్యారక్‌లూ నిద్రపోతున్నాయి. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఈ దీవుల్లో మేలుకునేది పిల్లులే. వాటికి ఫోన్లు లేవు.

"అక్కా, లైను ఖాళీగా ఉంది."

"పడుకో" అంది, తల ఎత్తకుండానే.

మార్చి 10

రేవు నుంచి ఇంటికి నూటపది మెట్లు. కునుకు గంటలో మెట్లకే పది నిమిషాలు పోతాయి. మిగతాది ఎగరడానికి.

విమానం గెంతట్లేదు. తెర మూలన ఉండే అంకె కదలకుండా నిలబడింది. రాను పోను సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యం. అంతలో మా విమానం సరిగ్గా తన పొడవంత దూరం పోతుంది. అంటే నా తెరమీద నేను నా చోట్లో బుద్ధిగా ఉంటే, మిగతావాళ్ళకి ఒక విమానం పొడవు వెనకబడ్డట్టు కనిపిస్తాను. వాళ్ళకి సరిగ్గా కనపడాలంటే నేను తప్పు చోట ఉండాలి. ఒక పొడవు ముందుకి జరిగి, యెన్ అన్న పొట్ట కిందికి.

మార్చి 12

ఆరేళ్ళు అతని తోక చూశాను. ఇప్పుడు తల పైకెత్తి పొట్ట చూస్తున్నాను. చక్రాల తలుపుల మధ్య ఒక నూనె మరక గీసి ఉంది. దాన్ని నా అద్దపు కప్పు చట్రంలో నిలబెడితే సరిపోతుంది. మెడ పట్టేసింది. మాట కూడా ఆలస్యంగానే వస్తుంది. "లాగుతున్నా, లాగండి" అని అన్న అనేసరికి వాళ్ళు అప్పటికే లాగేసి ఉంటారు. అందుకని మాట వినడం మానేశాను. ఎనిమిది నిమిషాల ప్రదర్శనంతా సెకన్ల అంకెలు చేసుకుని లెక్కపెడుతున్నాను. పద్దెనిమిదికి పైకి లాగాలి. ముప్పై ఒకటికి తలకిందులు.

టికెట్లు ఇస్తూ కూడా లెక్కపెడుతున్నానట. నాన్‌గాన్‌కి ఒకటి అడిగిన ముసలాయనకి ముప్పై ఒకటి అన్నానట. ఆయన, "నాకు ముప్పై ఒక్కమంది బంధువులున్నట్టు కనబడుతోందా?" అని అడిగాడట. చిన్-హువా అక్క సాయంత్రం దాకా అదే చెప్పి నవ్వింది.

మార్చి 13

మెడకి పట్టీ వేసుకున్నాను.

మార్చి 16

కుదిరింది. నలుగురం రెండు పల్టీలు, ఒక దొర్లు, విడిపోకుండా. పాన్ పింగ్‌తుంగ్‌లో సామాన్లు చేరవేసే బండి నడుపుతాడు. నాకోసం మధ్యాహ్నం ఇంటికొచ్చి కునుకు మానుకుంటున్నాడు. దొర్లుతూ కూడా ఆవలించాడు. "అక్కా, నువ్వు బంకతో అతికించినట్టు ఉన్నావు" అన్నాడు.

ఆ మాట ఇక్కడ రాసుకోవడం గొప్పలకి కాదు. తేదీ గుర్తుండడానికి.

మార్చి 17

ఈరోజు కూడా బంకే. ఎంత తేలిక అయిపోయిందో.

మార్చి 19

నిన్నటి ఎగురుడు దాచిన దస్త్రం యీ-రోంగ్ చేత పంపించుకున్నాను. రావడానికి కునుకు గంటంతా పట్టింది. నన్ను నేను చూసుకుని మురిసిపోదామని తెరిచాను.

చూశాను. బాగానే ఉన్నాను. తర్వాత సరదాకి యెన్ అన్న కూర్చున్న చోటు నుంచి చూశాను.

కీలుంగ్‌లో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి అతను. వేగం మార్చే ఇంజన్ పిడిని అతను ఎంత కదిపాడో దస్త్రంలో గీతగా పడుతుంది, ఆ గీత ఎప్పుడు చూసినా తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంటుంది. నిన్న అది పళ్ళూడిన దువ్వెనలా ఉంది. పైకి, కిందికి, పైకి, కిందికి. ఇంకో సంగతి. అతని తల వెనక్కి తిరిగి ఉంది. తల తిప్పితే ఆట ఆ కదలికని కూడా దస్త్రంలో దాచుకుంటుంది. పాపం అన్నకి అది తెలియదు.

ముందున్నవాడు వెనక్కి చూడకూడదు. జట్టులో ఉన్న చట్టం అదొక్కటే. మేం అతన్నే చూస్తాం, నేలని చూడం. అతను కొండలోకి పోతే నలుగురం కొండలోకి పోతాం. ఒకసారి అతను తుమ్మితే పోయాం కూడా, వరసగా ఒకరి వెనక ఒకరు. అంత చక్కగా మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు.

వారం రోజులుగా నేను అతని కింద నిలబడలేదు. అతనే వచ్చి నా పైన నిలబడ్డాడు.

మార్చి 20

ఫోన్ చేశాను. మాటలైతే వెళ్తాయి, కొంచెం ఆగి ఆగి.

"అన్నా, నువ్వు వెనక్కి చూస్తున్నావు."

"ఎవరన్నారు?"

"నీ మెడే అంది. పల్టీ పైన మొత్తం తిరిగిపోయి ఉంది."

ఆలస్యం లైనుదో మనిషిదో తెలియలేదు.

"అది కాదమ్మాయ్" అన్నాడు. "మా బస్సులో ముసలమ్మ ఎక్కితే ఆవిడ కూర్చునేదాకా బండి తియ్యను. అలవాటు. కాలు దానంతటదే ఆగుతుంది."

"నేను ముసలమ్మనా?"

"ముసలమ్మయితే కూర్చుంటుంది కదా. నువ్వు కూర్చోవు."

"నేను ఎక్కినదాన్ని కాదన్నా. తోలే నలుగురిలో ఒకదాన్ని. నువ్వు నాకోసం ఆగి ఆగి నడిపితే ఇక నేనెందుకు? ఓ బస్తా కట్టుకో తోకకి."

"చూసేవాళ్ళకి తేడా తెలీదే."

"నాకు తెలిసింది."

"పాన్‌కీ యీ-రోంగ్‌కీ చెప్పి చేశాను. వాళ్ళని తిట్టకు" అన్నాడు. అంటే ముగ్గురికీ తెలుసు. బంక అన్నాడు ఆ పాన్, అంత ఆవలింతలోనూ.

"రేపటి నుంచి పిడి కదపకు. ముందుకి చూడు. నేను ఎక్కడుంటే అక్కడుంటాను."

పెట్టేశాను. తర్వాత ఏడ్చాను, కోపంతోనే. కోపంతోనే అని రెండుసార్లు రాస్తున్నాను.

మార్చి 21

కదపలేదు. నేను సగం పొడవు వెనక. ఒక్కసారి కూడా అందుకోలేదు.

మార్చి 22

వెనక. రెండో పల్టీలో యీ-రోంగ్ రెక్క విరిచాను. చియాయీలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేసే పిల్ల, ఎవర్నీ ఒక మాట అనదు. "పర్లేదక్కా" అంది. పర్లేదు అనవద్దన్నాను. "సరే, చాలా దారుణంగా ఉంది" అంది. హాయిగా అనిపించింది.

మార్చి 23

వెనక.

మార్చి 24

తప్పెక్కడో తెలిసింది. నూనె మరక కదిలాక నేను కదులుతున్నాను. మరక కదిలిందంటే అన్న కదిలి అప్పటికే ఎనిమిదో వంతు అయిపోయింది. మరకని కనిపెట్టుకుని ఉంటే ఎప్పటికీ వెనకే. అన్న ఏం చేయబోతాడో ముందే చేయాలి, మరకని చూసి సరిచూసుకోవాలి. అన్న పిడి నిజంగా కదలకుండా ఉంటేనే ఇది కుదురుతుంది. నన్ను ఆదుకుంటానని అతను ఊగినన్నాళ్ళూ నేను ఇది నేర్చుకునేదాన్ని కాదు.

ఈరోజు మొదటి పల్టీ కుదిరింది. మొదటిదే. అన్న గీత తిన్నగా ఉందని యీ-రోంగ్ సందేశం పంపింది.

మార్చి 26

ఇవాళ తేల్చుకోవాలి. ముగ్గురమా, నలుగురమా. రేపటికల్లా పేర్లు ఇవ్వాలి.

పాన్ మొదట మాట్లాడాడు. "అక్కా, తిడితే తిట్టు. ముగ్గురం ఎగిరితే మూడోస్థానం వస్తుంది. నువ్వుంటే మనం ఓడిపోతాం."

"అవును" అన్నాను.

"నిజంగానే అంటున్నాను."

"నేనూ నిజంగానే అవునంటున్నాను రా. వారం తర్వాత నువ్వు ఇవాళే నాతో సరిగ్గా మాట్లాడావు."

యీ-రోంగ్, "నాకు నాలుగే ఇష్టం. ఓడిపోవడం ఇష్టంలేదు. రెండూ రాసుకోండి" అంది.

అన్న వంతు వచ్చింది. నేను ముందే అందుకున్నాను. "బాగా ఎగరట్లేదు కాబట్టి వద్దు అంటే తప్పుకుంటాను. ఆ మాట అను. గౌరవంగా ఖాళీ ఉంచుతాం అంటే మాత్రం ఊరుకోను. రావద్దంటే రావద్దు, అంతే. ఆ చోట్లో ఇంకొకర్ని పెట్టుకోండి. నేను బతికుండగా నా గుర్తుగా గాలిని ఎగరేయొద్దు."

అన్న కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"నేను ముందుకే చూస్తా" అన్నాడు. "పిడి కదపను. నువ్వు గుద్దితే గుద్దావు, జారిపోతే జారిపోయావు. ఆగను."

"ఆగొద్దు."

"నలుగురం" అన్నాడు అన్న. పాన్ ఊపిరి గట్టిగా వదిలాడు. వదిలి, "ఆ మాత్సు సోదరి అక్షరాలు తీసెయ్యమని నేను చెప్తాలే" అన్నాడు.

మార్చి 28

రెండు పల్టీలూ కుదిరాయి. ఒక్కసారే. ప్రదర్శన రేపు మూడింటికి. కునుకు గంట కాదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు, రాయకపోతే లేనట్టేనని.

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే పొగమంచు. ఎదుట నాన్‌గాన్ దీవి కనపడలేదు, రేవు గోడ చివర కూడా కనపడలేదు. విమానాలు రద్దు. పడవలు తొమ్మిదిన్నర దాకా ఆగి, అవీ రద్దు. కిటికీ ముందు మూడువందల మంది. సెలవుకి ఇళ్ళకి పోవాల్సిన సైనికులు, పెళ్ళికి పోవాల్సిన ఒక కుటుంబం, చేపల పెట్టెలు. అందరి చేతుల్లో ఫోన్లు. అందరూ ఇంటికి ఒకే మాట పంపుతున్నారు: రావట్లేదు, రావట్లేదు. మా సన్నటి లైను మీద మూడువందల రావట్లేదులు.

రెండింటికి టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వడం అయింది. చిన్-హువా అక్క మైకు చేతిలోకి తీసుకుంది. "మూడింటికి పది నిమిషాలు ఫోన్లు జేబులో పెట్టమని చెప్పనా? చెప్తే వింటారు. నా గొంతంటే భయం వీళ్ళకి."

చెప్పమందామని నోటిదాకా వచ్చింది. మైకు దగ్గర ఒక సైనికుడు గోడకి ఆనుకుని, వెళ్ళని సందేశాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు.

"వద్దక్కా" అన్నాను. "వాళ్ళ అమ్మలకి చెప్పుకోనీ."

"నీ ఇష్టం. నీ మొండితనాన్ని కప్పడానికి ఇంత మంచు కూడా చాలదు" అని మైకు పెట్టేసింది.

మెట్లెక్కి ఇంటికొచ్చి, మూడింటికి తెర మూలన అంకె చూశాను. ఎనిమిదో వంతు కాదు, నాలుగో వంతు. రెట్టింపు. అంటే పొట్ట కింద ఉన్నా చాలదు. ఇంకో పొడవు ముందుకి పోవాలి. అక్కడ నూనె మరక లేదు. అక్కడ ఏమీ లేదు.

యెన్ అన్న, "మొదలు" అన్నాడు. అది నాకు వినపడేసరికి నేను గడియారం చూసుకుని రెండు దాకా లెక్కపెట్టేశాను.

పిడి ముందుకి నెట్టాను. అన్న పొట్ట నెత్తిమీద నుంచి వెనక్కి జారింది. పాన్ జారాడు, యీ-రోంగ్ జారింది. నా తెరమీద నా ముందు ఎవరూ లేరు. ఆకాశం ఉంది, సముద్రం ఉంది. నాలుగో నంబరుదాన్ని, జట్టు మొత్తాన్ని వెనకేసుకుని ముందు ఎగురుతున్నాను. ఎవరూ కనపడకుండా లెక్క ఒక్కటే పెట్టుకుని ఎగిరాను. పద్దెనిమిది, లాగాను. ముప్పై ఒకటి, తలకిందులయ్యాను. సముద్రం నెత్తిమీదకి వచ్చింది. వెనక్కి తిరిగి చూడాలని మెడ గుంజింది. చూడలేదు. కీలుంగ్‌లో ఒకాయన కూడా చూడట్లేదని నాకు తెలుసు.

రెండో పల్టీలో మధ్యలో అంకె మారింది. ముందు పెరిగింది, తర్వాత ఠక్కున పడిపోయింది. మారాక ఎక్కడున్నానో నాకు తెలియదు. లెక్క మాత్రం వదల్లేదు. నాలుగువందల ఎనభై దగ్గర ఇంజన్ ఆపి నేలమీద ఆగాను. లైను అప్పుడే పూర్తిగా పోయింది. తెర నల్లబడింది. ఎలా ఎగిరామో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇది రాయాలి. ఎగిరాను. ఎగిరాను. చూసినవాళ్ళకి ఏం కనిపించిందో గాని, ఎగిరాను.

మార్చి 30

పొద్దున మంచు విడింది. నిన్నటివాళ్ళూ ఇవాళ్టివాళ్ళూ కలిసి ఒకేసారి మీదపడ్డారు. పదకొండింటికి న్యాయనిర్ణేతల కాగితం నా ఫోన్లోకి వచ్చింది. చివరి వరస విచ్చుకునేలోపు రెండు పడవలకి టికెట్లు ఇచ్చేశాను.

ఆరు జట్లలో ఐదో స్థానం. పాన్ చెప్పినట్టే.

కింద వివరం ఉంది. నాలుగో విమానం, రెండో పల్టీ ఎక్కేటప్పుడు అర పొడవు వెనక, రెండు మార్కులు కోత. నాలుగో విమానం, రెండో పల్టీ పైభాగంలో ఒక పొడవు ముందుకి దూసుకొచ్చింది, మూడు మార్కులు కోత. నాలుగో విమానం, దిగేటప్పుడు బాగుంది. ఇంతే. మాత్సు అని లేదు, కేబుల్ అని లేదు, బయటి దీవి అని లేదు. చివరి గడి దాకా వెతికాను. 'పాపం' అనే మాట ఎక్కడా లేదు.

కింద యెన్ అన్న ఒక ముక్క చేర్చాడు. "ఐదు మార్కులు పోగొట్టావు. రేపు కునుకు గంటలో రెండో పల్టీ ఒక్కటే, ఇరవైసార్లు. ఆలస్యంగా రాకు."

నేను నవ్వుతుంటే చిన్-హువా అక్క మెడ సాచి చూసింది. "గెలిచావా?"

"ఐదో స్థానం. ఓడించింది నేనే. ఐదు మార్కులు కోశారు నాకు."

"మరి ఆ పళ్ళికిలింపేంటి?"

"ఖాళీ చోటుకి మార్కులు కొయ్యరక్కా" అన్నాను.